హుఫూఫ్ దారిలో ఏడువందల ఏళ్ళ మేరీమాత

రియాద్ నుంచి హుఫూఫ్‌కి కారులో వెళితే నాలుగు గంటలు. మధ్యలో ఒకచోట టీ తాగి, ఇంకోచోట పెట్రోలు పోయించుకున్నా ఐదు గంటలు మించదు. నాకు రెండు రోజులు పట్టింది. వెళ్ళిన పని పూర్తయ్యేసరికి మూడో రోజు కూడా గడిచిపోయింది. తిరిగొచ్చి వారమైంది. ఆఫీసులో ప్రతివాళ్ళూ "ట్రిప్పు ఎలా జరిగింది?" అని అడుగుతున్నారు, నేనేదో విహారానికి వెళ్ళొచ్చినట్టు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

నా పేరు సుభద్ర. మాది అమలాపురం. రియాద్‌లో కళాఖండాలను ఒక ప్రదర్శన నుంచి ఇంకో ప్రదర్శనకు చేరవేసే కంపెనీలో కోఆర్డినేటర్ని. ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా ముందు నాకు ఫోన్ చేస్తారు, అదీ నా ఉద్యోగం. ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్ళయినా ఇల్లు, ఆఫీసు, విమానాశ్రయం తప్ప ఇంకో దారి చూసింది లేదు.

రియాద్

ఇటలీలో ఏదో కొండమీది ఊరు. అక్కడి కెథీడ్రల్‌కి ఒక మ్యూజియం ఉంది. దాని పైకప్పు బాగుచేసే పని పెట్టుకుని, లోపలున్న వస్తువుల్లో నలభై ఇక్కడికి పంపారు. రెండు నెలలు రియాద్‌లో పెట్టి, తర్వాత నెల రోజులు హుఫూఫ్‌లో చూపించాలని ఏర్పాటు. ఆ రెండు నెలలూ అవి నా కంప్యూటర్లో అంకెలుగానే ఉన్నాయి. సర్దేరోజు మొదటిసారి తీరిగ్గా చూశాను.

పద్నాలుగో నంబరు వెండి చెయ్యి. మోచేతి దాకా ఉంటుంది, వేళ్ళకి ఉంగరాలు కూడా ఉన్నాయి. లోపల ఒక సాధువు ఎముక ఉండేదట. ఎముకను ఊళ్ళోనే ఉంచుకుని చెయ్యి మాత్రం పంపారు. ఇరవై రెండు, గొర్రెతోలు పేజీల పాటల పుస్తకం. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. గుంపుగా నిలబడి పాడేవాళ్ళందరికీ కనిపించాలని అక్షరాలు అంత పెద్దవిగా రాశారట. మొదటి అక్షరం నా అరచేయంత ఉంది, దాని కడుపులో పడవ, పడవలో వల లాగుతున్న మనిషి. మా గోదావరి జాలర్లు కూడా అలాగే వంగి లాగుతారు. బిషప్పు భుజాల మీద కప్పుకునే జరీ వస్త్రం ఒకటి, బంగారు రేకు అద్దిన చెక్క పటాలు ఆరు.

ఆఖరిది మేరీమాత విగ్రహం. మూడున్నర అడుగుల చెక్క, ఏడువందల ఏళ్ళ నాటిది. బిడ్డను చంకనెత్తుకుని, ఆ బరువుకి నడుం ఒకపక్కకి వంచి నిలబడింది. ఎర్ర గౌను, నల్లబడిపోయిన నీలం పైవస్త్రం, బుగ్గల మీద ఇంకా పోని గులాబీరంగు.

మిగతా ముప్పై తొమ్మిదీ రెండు లారీల్లో ముందే వెళ్ళిపోయాయి. దీనికొక్కదానికే ఒక లారీ, ఒక మనిషి. ఆ మనిషి డొనాటెల్లా, ఆ మ్యూజియంలో పాత వస్తువుల మరమ్మతు చేసే ఆవిడ. యాభై ఉంటాయి. పెట్టె ఆవిడ కళ్ళ ముందు నుంచి పక్కకి పోకూడదని రూలట. ఆవిడ ఆడమనిషి కాబట్టి తోడు ఇంకో ఆడమనిషి ఉండాలని మా మేనేజరు నన్ను పొమ్మన్నాడు. పెషావర్ వైపు నుంచి వచ్చిన డ్రైవర్ షేర్‌జమాన్, మా కంపెనీ పెట్టెలు చేసే గంగారాం, మేమిద్దరం, మొత్తం నలుగురం ఒకే క్యాబిన్‌లో.

గంగారాంది నిర్మల్. మేనమామ కొయ్యబొమ్మలు చేసేవాడట, చిన్నప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. సౌదీ వచ్చి పన్నెండేళ్ళు. పొద్దున్న ఆరుకి బయల్దేరాలి. డొనాటెల్లా పెట్టెకున్న ప్రతి మరనూ తిప్పి చూసింది, రెండు ఊడదీయించి మళ్ళీ బిగించమంది. గంగారాం బిగించాడు.

"ఈయనకి చెప్పండి," అంది నాతో. "పెట్టె ముట్టుకోవచ్చు. విగ్రహాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోకూడదు. గ్లవ్స్ ఉన్నా సరే."

చెప్పాను. "నాకేం పని మేడం దాన్తోని," అన్నాడు గంగారాం.

బయల్దేరేసరికి పదకొండైంది.

చెక్‌పోస్టు

ఊరు దాటి గంట కాకముందే పోలీసు ఆపాడు. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. పర్మిట్ మీదున్న లారీ నంబరుకీ లారీ మీదున్న నంబరుకీ ఒక్క అంకె తేడా. ఆ అంకె టైపు చేసింది నేనే. క్యాబిన్‌లో ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాను.

లోపలేముందో చూపించమన్నాడు. పెట్టె తెరవడానికి వీల్లేదంది డొనాటెల్లా, దిగి తలుపుకి అడ్డంగా నిలబడి. ఆవిడ ఇంగ్లీషు అతనికి రాదు, అతని అరబీ ఆవిడకి రాదు. షేర్‌జమాన్ మధ్యకెళ్ళి లోపల ఉన్నది మరియం, అంటే మేరీమాత, బొమ్మ అని చెప్పాడు. పోలీసు పర్మిట్ మళ్ళీ చూసి, "మరియం అయినా కాగితం సరిగ్గా ఉండాలి కదా," అన్నాడు. కాదనడానికేముంది. ఆఫీసు నుంచి కొత్త పర్మిట్ వచ్చేసరికి రెండున్నర గంటలు. అంతసేపూ మే నెల ఎండలో లారీ కదలకుండా నిలబడి, వెనకాల పెట్టె కోసం పెట్టిన ఏసీ ఆగకుండా తిరుగుతూనే ఉంది.

ఖురైస్ దాటాక

ఆ ఏసీ ఖురైస్ అనే ఊరు దాటాక చచ్చిపోయింది. పెట్టె లోపలి వేడినీ తేమనూ చూపించే చిన్న మీటరు ఒకటి డొనాటెల్లా ఒళ్ళో ఉంది. అది కూయడం మొదలుపెట్టింది. ఇరవై రెండు ఉండాల్సింది ఇరవై ఆరైంది, ఇరవై తొమ్మిదైంది. ఆవిడ ప్రతి అంకెనూ పైకి చదివింది. లోపల చెక్క ఒక తీరుగా కదులుతుందనీ, దాని మీది సుద్దపూత అలా కదల్లేదనీ, అప్పుడు రంగు పెచ్చులూడుతుందనీ నాకు మూడుసార్లు చెప్పింది. మొదటిసారే అర్థమైంది నాకు.

మేనేజరుకి ఫోన్ చేస్తే వెనక్కి వచ్చేయమన్నాడు. వెనక్కొచ్చినా రెండు గంటల వేడే కదా అన్నాను. మెకానిక్కు రేపు గాని రాడు, నువ్వే ఏదో ఒకటి చూడు అని పెట్టేశాడు.

రోడ్డు పక్కన పెట్రోలు బంకు, నమాజు గది, టైర్ల కొట్టు, ఒక యెమెనీ హోటలు కనిపించాయి. హోటల్లో మగవాళ్ళ హాలు ఒకటి, కుటుంబాల కోసం తలుపున్న గదులు మూడు. మనవైపు హోటళ్ళలో ఏసీ రూము అని విడిగా ఉన్నట్టు, ఇక్కడ ఫ్యామిలీ సెక్షన్. అందులో పెద్ద గది రాత్రికి అడిగాను. యజమాని గడ్డం గోక్కుంటూ నూటయాభై రియాళ్ళన్నాడు, భోజనం విడిగా. పెట్టెను నలుగురం కలిసి లోపలికి మోశాం.

అన్నం మీద సగం కోడి, పక్కన టమాటా పచ్చడి, పద్దెనిమిది రియాళ్ళు. ఒక పళ్ళెం ముగ్గురికి సరిపోయింది. పచ్చడిలో కారం లేదు. డొనాటెల్లా గదిలోకి అన్నం తేనివ్వలేదు, వాసన పడుతుందని. తను రెండు అరటిపండ్లు తిని గుమ్మం బయట నుంచి మీటరు వైపే చూస్తూ కూర్చుంది.

వేడి తగ్గింది. ఈసారి తేమ పడిపోవడం మొదలైంది. ఆ గది ఏసీ గాలిని ఎండబెట్టేస్తోంది. యాభై ఉండాల్సిన చోట ఇరవై ఏడు. వేడి కన్నా ఇదే ప్రమాదమంది డొనాటెల్లా. అని, రెండు చేతుల్లో తల పెట్టుకుంది.

గంగారాం నన్ను పిలిచాడు. "మేడం, పెట్టెల మీద కప్పే దుప్పట్లు ఉన్నయ్ గద లారీల. తడిపి గోడలకు కడ్దాం. నాలుగు బకెట్లల్ల నీళ్ళు వెడ్దాం. మా మామ ఎండాకాలం బొమ్మలు పగలకుండ గట్లనే చేస్తుండె."

డొనాటెల్లాకి చెప్పాను. తల ఎత్తి అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. గంటకొకసారి దుప్పట్లు తడపడం అతని పనైంది. తెల్లారేసరికి మీటరు నలభై ఆరు చూపించింది. మేం నలుగురం కుర్చీల్లో కూర్చునే నిద్రపోయాం, అంటే పోలేదు.

ఫ్యామిలీ సెక్షన్

పొద్దున్నే డొనాటెల్లా పెట్టె తెరవాలంది. చేరాక, కొత్త చోటి గాలికి అలవాటు పడేదాకా, ఇరవై నాలుగు గంటలు ఆగి గాని తెరవకూడదన్నది ఆవిడ పెట్టిన రూలే, నాతో దాని మీద సంతకం కూడా చేయించింది. గుర్తుచేశాను. "ఆగితే ఏం మిగులుతుందో నాకు తెలియదు," అంది.

మూత తీశాం. మేరీమాత ఎడమ బుగ్గ మీద గోరంత మేర రంగు పొంగి ఉంది, నూనెలో వేసిన అప్పడం మీద బుడగలాగ. ఒక అంచు అప్పటికే లేచింది. గట్టిగా ఊపిరి వదిలితే రాలిపోయేలా ఉంది.

డొనాటెల్లా తన పనిముట్ల పెట్టె కోసం అటూ ఇటూ చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, జిగురు, కుంచెలు, కాగితాలు అన్నీ ఉన్న ఆ పెట్టెను తనే మొదటి లారీలో పంపేసిందని. ఇటాలియన్‌లో ఏదో గొణిగింది. నేను అనువాదం అడగలేదు.

సరిగ్గా అప్పుడే గది తలుపు ఎవరో కొట్టారు. తెరిస్తే చేతికర్రతో ఒక సౌదీ ముసలావిడ, వెనకాల కోడలు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ బ్యాగులు మోస్తూ పనమ్మాయి. మిగతా రెండు గదుల్లో వేరే కుటుంబాలున్నాయి. మూడోది మేం తీసేసుకున్నామని కోడలు యజమాని మీద కోప్పడుతోంది. డొనాటెల్లా చేతులు చాచి అడ్డం నిలబడింది. ముసలావిడ ఆ చేతి కింద నుంచి వంగి లోపలికొచ్చి, గోడవార దిండుకి ఆనుకుని కూర్చుంది. చుట్టూ వేలాడుతున్న తడి దుప్పట్లను, మధ్యలో మనిషంత పెట్టెను చూసి ఏదో అడిగింది.

"లోపల పీనుగేమన్నా ఉండాదా అని అడుగుతాంది, అక్కా," అంది పనమ్మాయి తెలుగులో.

నేను తిరిగి చూశాను. "నువ్వు తెలుగా?"

"కడపక్కా. మస్తానమ్మ. లోపల నువ్వు తెలుగులో మాట్లాడ్తాంటే బయట్నుంచి విన్నా."

పీనుగు కాదు, మరియం బొమ్మ అని చెప్పించాను. ముసలావిడ బొమ్మలు పెట్టుకోవడం తప్పంది. తర్వాత కర్ర ఊతంగా లేచి పెట్టెలోకి తొంగిచూసి, బుగ్గకేమైందని అడిగింది. డొనాటెల్లా ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో, మస్తానమ్మ అరబీలో. జిగురు పోయిందనీ, ఇక్కడ ఏ జిగురూ లేదనీ.

"మేడం," అన్నాడు గంగారాం మూల నుంచి. "మా దిక్కు చింతగింజల బంక వాడ్తరు. ఇక్కడ యాడ దొరుకుతది. వీళ్ళ దాన్ని దేన్తోని చేస్తరో అడుగుండ్రి."

అడిగాను. పశువుల తోలు నుంచి, ఎముకల నుంచి తీసిన జిగురట. వంటింట్లో వాడే జెలాటిన్ లాంటిదే, కాకపోతే శుద్ధమైనదంది.

"జెలాటినా?" అంది మస్తానమ్మ. "మా చిన్నమేడమ్ కేకుల్లోకి ఏస్తాది గదా. హుఫూఫ్ తోటకి పోతాండాం, సరుకులన్నీ కార్లోనే ఉండాయి. రేకుల మాదిరి ఉంటాయి, రంగూ రుచీ ఏం ఉండదు, అదేనా?"

డొనాటెల్లాకి చెబితే, అదే, తెప్పించమంది. కోడలికి ఇష్టం లేదు. గదీ పోయె, సరుకులూ పోయెనా అన్నట్టు చూసింది. ముసలావిడ కర్రతో నేల మీద ఒక్కసారి తట్టింది. మస్తానమ్మ కారు దగ్గరికి పరిగెత్తింది.

హోటలు వంటింట్లో నీళ్ళు కాచి, రెండు రేకులు కరిగించి, డొనాటెల్లా వేళ్ళ మధ్య రుద్ది చూసి ఇంకా నీళ్ళు పోసింది. పెట్టెలో విగ్రహం చుట్టూ ఉన్న పల్చటి కాగితం లోంచి రూపాయంత ముక్క చింపింది. కుంచె లేదు. తన బ్యాగులోంచి కళ్ళకి రంగు వేసుకునే బ్రష్షు తీసి వేడినీళ్ళలో కడిగింది. కాగితాన్ని పొంగిన రంగు మీద పరిచి, పైనుంచి జిగురు అద్దాలి. లోపలికి ఇంకి, రంగు మెత్తబడి చెక్కకి ఆనుతుంది. చేసే పని అంతే.

ఆవిడ చెయ్యి వణికింది. ఒకసారి వెనక్కి తీసుకుని మళ్ళీ ముందుకి చాచింది. మళ్ళీ వణికింది. ఒక రాత్రంతా నిద్రలేదు, రెండు అరటిపండ్ల మీద ఉంది. కాగితం బుగ్గకి అంగుళం దూరంలో అటూ ఇటూ ఊగుతోంది.

ఆవిడ కాగితాన్ని దించి గంగారాం వైపు చూసింది. నన్నేం చెప్పమనలేదు. అతను చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, బయటికెళ్ళి సబ్బుతో కడుక్కొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ మణికట్టును పెట్టె అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టి కాగితం పరిచాడు. బ్రష్షుతో నడిమి నుంచి అంచులకి మూడుసార్లు అద్దాడు. నాలుగోసారి అద్దబోతుంటే డొనాటెల్లా చాలంది. కాగితం కింద బుడగ మెల్లగా దిగిపోయి, బుగ్గ మళ్ళీ బుగ్గలాగైంది.

ముసలావిడ సంచిలోంచి ఖర్జూరాలు తీసి అందరికీ తలా మూడు పంచింది. ఆఖరికి డొనాటెల్లా కూడా ఆ గదిలోనే తింది.

వెళ్ళేముందు మస్తానమ్మ నా నంబరు తీసుకుంది. ఇంటికెళ్ళి మూడేళ్ళయిందట, వచ్చే రంజాను తర్వాత ఇంటికి పోయే అనుమతి, ఎగ్జిట్, కొడతామన్నారట. "కొడ్తారో లేదో, అక్కా. రియాద్ వస్తే ఫోన్ చేస్తా," అని పిల్లల చెప్పులు ఏరుకుంటూ పోయింది.

మెకానిక్కు మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. అరగంటలో ఏసీ బాగైంది. అరగంట పనికి ఒక రోజు.

హుఫూఫ్

గంటన్నర ఇసుక తర్వాత ఉన్నట్టుండి రోడ్డుకి రెండువైపులా ఖర్జూర చెట్లు. మట్టిగోడలు, మధ్యలో నీటికాలువలు. నాకు కోనసీమ గుర్తొస్తుందని అందరూ చెప్పారు. రాలేదు. కొబ్బరిచెట్టు గాలికి ఊగుతుంది, ఇవి బిగుసుకుని నిలబడ్డాయి. అయినా రెండు రోజుల తర్వాత ఆకుపచ్చ కనబడితే కళ్ళకి హాయిగా ఉంది, ఒప్పుకోవాలి.

పెట్టెను ప్రదర్శన హాలుకి చేర్చి, ఈసారి నిజంగానే ఇరవై నాలుగు గంటలు ఆగాం. మర్నాడు పాత బజారు చూద్దామని వెళితే మధ్యాహ్నపు నమాజుకి కొట్లన్నీ మూసేసి, సాయంత్రం గాని తెరవమన్నారు. తెరిచిన ఒకే ఒక్క హోటల్లో ఇక్కడి ఎర్రబియ్యం వండిపెట్టారు. మన దంపుడు బియ్యంలా ఉంటుంది, జిగటగా. కొట్లు తెరిచాక ఒకతను ఖలాస్ రకం ఖర్జూరం కిలో ముప్పై అన్నాడు, ఇరవై రెండుకి ఇచ్చాడు, పక్క కొట్లో పద్దెనిమిదని తర్వాత తెలిసింది.

సాయంత్రం పెట్టె తెరిచారు. బుగ్గ అలాగే ఉంది. డొనాటెల్లా భూతద్దం పెట్టి పావుగంట చూసి, ఇక మీద తన జిగురుతో తను చూసుకుంటానంది. తర్వాత రిపోర్టు. దారిలో ఏం జరిగిందో, ఎవరు ఏం చేశారో అందులో రాయాలి. మా మేనేజరు ఫోన్‌లో ఉన్నాడు. "మరమ్మతు చేసింది ఆవిడే అని టైపు చెయ్యి. వడ్రంగి ముట్టుకున్నాడని రాస్తే ఇన్సూరెన్సు వాళ్ళు ఊరుకోరు," అన్నాడు.

డొనాటెల్లా ఒప్పుకోలేదు. "నా తర్వాత ఈ ఫైలు తెరిచేవాళ్ళకి అక్కడ ఏ జిగురు పడిందో, ఎవరి చెయ్యి పడిందో తెలియాలి. అబద్ధం రాయను. ఆయన పేరు చెప్పండి." ఇటు ఫోన్, అటు ఈవిడ, మధ్యలో నేను. మూడు రోజులుగా అందరి మాటలూ అందరికీ చేరవేసి నా నోరు ఎండిపోయింది. ఫోన్ కట్టేశాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

గంగారాం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సంగతి చెప్పాను.

"వద్దు మేడం," అన్నాడు. "నా ఇకామా కార్డు మీద పని కాడ ఆమిల్ అని ఉన్నది. కూలీ అన్నట్టు. పన్నెండేండ్ల సంది పెట్టెలు జేస్తున్నగని వడ్రంగి అని కాగితం లేదు. గీ పని జేసిన అని రాస్తే రేపు నాకే ముప్పు. వద్దని చెప్పుండ్రి."

చెప్పాను. డొనాటెల్లా పెన్ను మూసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసి 'దారిలో దొరికిన సహాయంతో' అని రాసింది. రాసినదాన్ని చూస్తుంటే ఆవిడకి అది నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

విగ్రహాన్ని పీఠం మీద నిలబెట్టారు. పెట్టెలో పడుకున్నప్పుడు కనబడని నడుం వంపు ఇప్పుడు మళ్ళీ కనబడింది. గంగారాం ముందు నుంచి ఒక్క నిమిషం చూసి, "ఎనక జూడొచ్చా మేడం?" అని అడిగాడు.

వెనకవైపు ఎవరికీ చూపించరు, గోడకి ఆనిస్తారు. చెక్క పగలకుండా లోపలంతా తొలిచి బోలుగా చేశారు. రంగు లేదు, ఉలి గాట్లే. గంగారాం చేతులు వెనక్కి కట్టుకుని వంగి, పైనుంచి కిందిదాకా చూశాడు. లేచి కుడిచేతిని గాలిలో ఆడించాడు, తల అడ్డంగా ఊపాడు, ఎడమచేతిని ఆడించాడు.

"ఎడమచేతోడు," అన్నాడు. "గాట్లన్నీ ఉల్టా పడ్డయ్. మా మామది ఎడమచెయ్యే, గాయన బొమ్మల లోపట గిట్లనే ఉంటుండె. గిక్కడ జూడుండ్రి, ఉలి జారింది. జారితే గటుదిక్కే జారుతది."

డొనాటెల్లాకి చెప్పాను. నమ్మలేదు. టార్చిలైటు తెచ్చి వంగింది. తనూ రెండు చేతుల్నీ మార్చి మార్చి ఆడించి చూసింది. ఆ జారిన గాటును పదకొండేళ్ళుగా చూస్తున్నాననీ, ఎప్పుడో మోసేటప్పుడు తగిలిన దెబ్బ అనుకున్నాననీ అంది. మళ్ళీ వంగింది. లేచి నేరుగా బల్ల దగ్గరికెళ్ళి రిపోర్టులో కొత్త పేజీ తిప్పింది.

"చూసినందుకు కూడా ఇక్కడ పర్మిట్ కావాలా?" అని నన్ను అడిగింది. అక్కర్లేదన్నాను. పేరు, ఊరు, అక్షరాలు ఒక్కొక్కటీ అడిగి చేత్తో రాసుకుంది.

గంగారాం నా పక్కకొచ్చాడు. "ఏమని రాసిన్రు మేడం?"

చదివి తెలుగులో చెప్పాను. "ఈ విగ్రహం చెక్కినవాడిది ఎడమచేతి వాటం. కనిపెట్టింది గంగారాం, వడ్రంగి, నిర్మల్."

"ఆమిల్ అని లేదా?"

"లేదు."

"ఇంకొక్కపారి చదువుండ్రి," అన్నాడు.

మళ్ళీ చదివాను.